తూము

రవణయ్య పొద్దున్నే పాలిథిన్ కవర్లో ఆరు రొయ్యల్ని తెచ్చాడు.
నాలుగు బతికున్నాయి.
"చూసి చెప్పమ్మా" అని
ల్యాబు మెట్ల మీద కూర్చున్నాడు,
బీడీ వెలిగించకుండా వేళ్ళ మధ్య దొర్లిస్తూ.

నాకు ముందే తెలుసు.
తలపెంకు వెలుతురుకు పట్టి చూస్తే
గోడ నుంచి రాలిన సున్నంలా మచ్చలు.

మైపాడు గాలి కిటికీ రెక్కను కొడుతోంది.
యంత్రం లోపల వేడి, చల్లదనం, మళ్ళీ వేడి.
ఒక పోగు రెండై, రెండు నాలుగై.
వాడికొచ్చిన పని అదొక్కటే.
రొయ్య ఒంట్లో తొందరపడ్డవాడిదే రాజ్యం;
నెమ్మదిగా తినేవాడి వాటా
పక్కవాడి నోట్లోకి పోతుంది.

కానీ తొందరోడికో చిక్కుంది.
ఇల్లు కూల్చుకున్నాక
దాటిపోవడానికి వీధంటూ ఉండాలి గదా!
చచ్చిన రొయ్య గుంట అడుగున ఒంటరిగా కుళ్ళితే
వాడి గెలుపూ దాంతోపాటే కుళ్ళుతుంది.
రొయ్యను ఇంకో నాలుగు రోజులు ఈదనిచ్చిన
ఆ మందకొడే అప్పుడు ఒడ్డుకు చేరతాడు.
లోపలి లెక్కలో ఓడినవాడు
బయటి లెక్కలో నెగ్గుతాడు.

ఆ వీధి వేసింది మేమే.
ఎకరాకు రెండు లక్షల పిల్లలు,
మీసానికి మీసం తగిలేట్టు.
గుంటకు తూము, తూముకు కాలువ, కాలువకు ఉప్పుటేరు.

ఎండాకాలం మొదట్లో పదిహేడు మంది
ఐసు షెడ్డులో కూర్చుని కాగితం రాసుకున్నారు:
మచ్చ కనబడితే తూము మూయాలి,
బ్లీచింగు కొట్టాలి, ఇరవై రోజులు చుక్క నీరు వదలగూడదు.
రవణయ్య నీలం ఇంకుతో సంతకం చేశాడు.
మాట నిలబెట్టుకున్న ఊరు
మాట తప్పిన ఊరికంటే ఎక్కువ పంటలు చూస్తుంది.
ఆ ఊళ్ళోనే, రాత్రి తూమెత్తినవాడు
అందరికంటే ముందు సరుకు పట్టి
ఐసులో వేసి అమ్ముకుంటాడు.
ఈ లెక్క ఎక్కడో చూశాననుకున్నా.
ఇప్పుడే, కిటికీకి ఇవతల.

"ఉంది" అన్నాను.

అతను బీడీని చెవి మీద పెట్టుకున్నాడు.
"పోయిన వారం అర్ధరాత్రి
చెంగయ్య తూము చప్పుడు ఇన్నానమ్మా.
ఆయన్ని ఎవురూ అడగలా.
మేత కొట్టోడు మాత్రం నన్నడుగుతాడు."

పదిహేడు మంది బాగు కోసం
ఒకడు మునగాలని చెప్పడానికి
నా దగ్గర మంచి పాఠమే ఉంది.
ఆ పాఠంలో
అతని బాకీ ఎవరు కట్టాలో రాసిలేదు.
కవరు మూతి ముడేసి ఇచ్చాను.
బతికిన నాలుగూ ఇంకా కాళ్ళాడిస్తున్నాయి.

ఆ రాత్రి కరెంటు పోయింది.
ఇందుకూరుపేట నుంచి సముద్రం దాకా
ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.
చెవులు రిక్కించి కూర్చున్నా,
తూము పలక గీరుకునే చప్పుడు కోసం.

నీళ్ళు కదిలిన చప్పుడే వినబడింది.
ఏటికి పోటు వచ్చే వేళ కూడా అదే.