జాలి

బల్లార్‌షా బస్టాండు వెనక ఇనుప దుకాణంల
వైరాగడే సేటు అడిగిండు:
"జాళీ కితీ పాహిజే?"
నా చెవి తెలుగుది.
ఎంత జాలి కావాలె అని విన్నది.

అరవై ఫుట్లు, సేటు.
ఎత్తు?
ఆరు. కాదు, ఏడు.
తీగ మందంది ఇయ్యి. సన్నది కోళ్లకు.

మా క్వార్టర్ల వెనక గుట్ట దేవుడు చేసింది కాదు.
గని కడుపులకెల్లి తీసిన మట్టి,
ముప్పై ఏండ్లు డంపర్లు మోసి పోసింది.
అందుల ఆరేండ్లు నేనూ పోసిన.
దాని మీద సర్కారు తుమ్మ మొలిచింది,
తుమ్మలకు పందులొచ్చినయి,
పందుల వెనక చిరుత వచ్చింది.
షెవంతాబాయి దాని పేరెత్తది.
"అది" అంటది, గడ్డంతోని గుట్ట దిక్కు చూపి.

రవ్వకు ఇదంతా తెల్వదు.
బొంబాయి రవ్వ రంగు, ఒక చెవి నిలబడ్డది, ఒకటి ఇంకా లేవలేదు.
దానికి తెలిసింది గేటు కింద జానెడు సందు,
తులసి గద్దె పక్క మెత్తటి మన్ను,
నల్లా వచ్చే యాళ్లకు తలుపు ఎవలూ వెయ్యరన్న సంగతి.

వారం దినాలు కుక్క లెక్క ఆలోచించిన.
మోకాళ్ల మీద కూసోని, చెంప నేలకానిచ్చి
ప్రహరీ పొడుగూత చూసుకుంట పోయిన.
పక్కింటి నగరాళే బీడీ ఆపి అడిగిండు:
"ఏం పోగొట్టుకున్నవే?"

జాలిని నేల మీదనే ఆపొద్దు.
జానెడు లోతు తవ్వి, లోపలి దిక్కు మడిచి,
పాత కన్వేయర్ బెల్టు ముక్కలు పరిచి
పైన రాళ్లు పేర్చాలె.
తవ్వెటోళ్ల బుద్ధి తవ్వెటోళ్లకు తెలుస్తది.
ఇర్వై రెండేండ్లు నేను చేసిందీ అదే.
గేటుకు రెండు గొళ్లాలు.
ఒకటి మరిచినా రెండోది ఉంటది.
మా పిల్ల రెండూ మరుస్తది, అందుకే స్ప్రింగు.

లచ్చక్క ఉండబట్టక అన్నది:
"గొలుసుతోని అయ్యే పనికి
ఐదు వేలా?"
అన్నంక నాలిక కర్చుకున్నది.

గొలుసు ఇంట్లనే ఉన్నది,
సజ్జ మీద, గని బూట్ల పక్క.
పోయిన కార్తీకంల జమేదారును
మంచికనే కట్టేసిన.
డంపరు కింద పడొద్దు,
ఊరకుక్కల వెంట పోవద్దు.
జామచెట్టుకు, రెండు చుట్లు, గట్టిగ.
రాత్రి పాలికి పోయిన.
పొద్దుగాల వచ్చేసరికి గొలుసు
కొలిచి పెట్టినట్టు తిన్నగ సాగి ఉన్నది.
మెడపట్టా ఊడలేదు.
నా ముడీ ఊడలేదు.
చెట్టు బెరడు చుట్టూ తెల్లగ ఒరుసుకపోయిన గీత,
ఎన్ని తిరుగుళ్లు తిరిగిందో లెక్కపెట్టొచ్చు.
పెట్టలేదు.
జంగ్లాతు గార్డు కాయితం తీసిండు.
అందుల ఆవుకు గడి ఉన్నది, మేకకు ఉన్నది.
అంచుకు చిన్నగ రాసిండు: కుక్క, ఒకటి.

ఇప్పుడు రవ్వ పొద్దంత జాలి లోపల ఉరుకుతది.
దీపాలు పెట్టే యాళ్లకు ఇంట్లకు,
పొయ్యి కాడ గోనెసంచి మీదికి.
జామకొమ్మ ఒకటి కంచె మీదికి వంగితే నరికిన.
కాయల కొమ్మ. పిల్ల రెండు దినాలు మాట్లాడలేదు.

నిన్న రాత్రి మూడింటికి
అది మొరగలేదు.
మొరగకపోవుడుకే నాకు మెలకువ వచ్చింది.
మంచం కాడికి వచ్చి, కిందికి జారిన నా పాదం మీద
గదుమ ఆనిచ్చింది.
వణికింది అదో నేనో.
బయట జాలి,
తడిచీర దండెం మీద వేసినప్పటి తీరు
ఒక్కసారి సాగింది.
ఆగింది.
శానాసేపు ఆగింది.

తెల్లారినంక షెవంతాబాయి వచ్చి చూసింది.
మెత్తటి మన్నుల అడుగులు గేటు దాక,
గేటు కాడ కొంచెం లోతుగ, నిలబడ్డట్టు,
అటెన్క గుట్ట దిక్కు.
ఆమె ఏమనలేదు. కొంగు నోట్లె కుక్కుకున్నది.

రవ్వ మా ఇద్దరి నడుమ దూరి
గేటు కాడ కూసున్నది.
జాలికి మూతి ఒత్తి
ఆ అడుగులు పోయిన దిక్కే చూసుకుంట
కుయ్ కుయ్ అన్నది,
తియ్యమని.

ఎత్తుకుంటే ముక్కు మీద తీగ గళ్లు.
బొటనవేలితోని రుద్దిన.
పోలేదు.