ఖాళీలు పూరించుము

ఆదివారం పొద్దున మట్టెవాడ బడిల
మూడో బెంచీ నాది.
ముందు బెంచీల కూసున్నోళ్లకు నా కొడుకు ఈడుంటది.
ఏడుల బడి ఇడిసినదాన్ని, ఇప్పుడు ఓపెన్ టెన్తు.
ఇంగ్లీషు పేపరు, ఎనిమిదో ప్రశ్న:
ఖాళీలు పూరించుము. పది మార్కులు.

తాహెరా టీచర్ బోర్డు మీద రాస్తది,
సుద్దముక్క కీచుమంటది.
ఎఫ్రెయిడ్ పక్కన ఆఫ్,
గుడ్ పక్కన ఎట్,
ఇంట్రెస్టెడ్ పక్కన ఇన్.
ఎందుకు మేడం, అని అడిగిన.
ఎందుకు లేదమ్మా,
ఎవరి జంట వాళ్లకున్నది, అన్నది.
గట్లనే నోటికి పెట్టుకొమ్మన్నది.

సరే.
ఏనుమాముల యార్డుల మిరపకాయ తొడిమెలు తీసుకుంట
నోటికి పెట్టుకుంటున్న.
ఫుల్ ఆఫ్, ఫుల్ ఆఫ్, బస్తా నిండేదాక.
టైర్డ్ ఆఫ్, నడుము పట్టేసేదాక.
ఒక్క తుమ్ము వస్తే అన్నీ పోతయి,
మళ్లా మొదటికెల్లి.
ఎదురుంగ కూసున్న నర్సవ్వ
ఏం మంత్రమే అది, షావుకారికి తగులుతదా, అన్నది.

మన మాటకు తోక ఎనుకనే ఉంటది.
ఇంటికి, ఇంట్ల, ఇంటికెల్లి,
ఎవ్వలు నేర్పలే, ఎప్పుడు నేర్చుకున్ననో యాదికి లేదు.
వాళ్లది బండికి ఎద్దు లెక్క
ముందుగాల పోతది.

నాకు ఆకలైతంది అంట నేను.
ఆకలి యాడికెల్లో వచ్చి నా తాన కూసుంటది,
ఇంత తింటే లేచిపోతది.
ఐ యామ్ హంగ్రీ అంటే
నేనే ఆకలి.
ఇది రాసినప్పుడు పెన్ను జెర ఆగింది.

యాంగ్రీ విత్ అట, మనిషైతే.
కోపం మనిషి మీద గదా ఉండేది?
మీద అంటే బరువు. విత్ అంటే తోడు.
కోపమొచ్చినోనితోనే కలిసి ఉన్నట్టు,
ఒక్క తలుపుకు రెండు రెక్కలున్నట్టు.
ఆలోచిస్తే అదే నిజమనిపించింది.
ఐలేషుతోని పందొమ్మిదేండ్లు
గట్లనే ఉన్న నేను.

పోయిన ఆదివారం రెస్పాన్సిబుల్ వచ్చింది.
పక్కన ఫర్.
ఈ మాట యాడనో చూసిన.
ఇంటికి పోయి సందుగ తెరిచిన,
అడుగున రేషన్ కార్డు కింద
జిన్నింగు మిల్లోళ్లు సంతకం పెట్టించుకున్న కాగితం,
ఐలేషు రెండు వేళ్లు మిషన్ల పోయిన యేడాదిది.
అప్పుడది నల్లచీమల బారు.
ఇప్పుడు వేలు పెట్టుకుంట చదివిన.
నాట్ రెస్పాన్సిబుల్ ఫర్.
ఫర్ తర్వాత ఖాళీ లేదు,
వాళ్లు ముందే పూరించుకున్నరు.
కింద నా సంతకం, వంకరగ.
సంఘంల అప్పుడే ఇంగ్లీషుల నేర్చుకున్న మురిపానికి
కొంచెం పెద్దగనే పెట్టిన.

ఏమున్నది అండ్ల, అన్నడు ఐలేషు.
మూడు వేళ్ల చెయ్యితోని ఉల్లిగడ్డ కోస్తుండు.
గ్రామరు, అన్న.
ఉల్లిగడ్డ ఘాటుకు ఇద్దరం కండ్లు తుడుసుకున్నం.
ఉల్లిగడ్డ ఘాటే అది.

మొన్న స్లిప్ టెస్టుల తొమ్మిది ఒప్పు, ఒక్కటి తప్పు.
షీ ఈజ్ మ్యారీడ్ డ్యాష్ హిమ్.
టూ రాయాలె. నాకు తెలువదా?
కాని టూ అంటే 'కు'.
బస్తాకు చీటి కట్టినట్టు,
గిరాకికి సరుకు తూకమేసినట్టు.
ఎంజీఎం దవాఖాన వరండాల పదకొండు రాత్రులు
ఆ చెయ్యి నా ఒళ్ల పెట్టుకొని కూసున్న.
అదేం 'కు' కాదు.
విత్ రాసిన.

టీచర్ ఎర్రపెన్నుతోని కొట్టేసింది.
తెలిసి తెలిసి తప్పెందుకు రాసినవమ్మా, అన్నది.
ఎందుకు లేదు మేడం,
ఎవరి జంట వాళ్లకున్నది, అన్న.
ఆమె నవ్వింది, మార్కు మాత్రం వెయ్యలే.

పెద్ద పరీక్షల టూనే రాస్త.
మార్కు మార్కే.