సెకండాఫ్

ఇంటర్వెల్ దాటితే నాకు నిద్రొస్తుంది.
పెళ్ళైన కొత్తల్నుంచీ అంతే.
తెల్లారుజామున నాలుగింటికి లేచే ఒంటికి
ఏసీ చల్లగా తగిలితే ఏం చేస్తుంది పాపం.
మా జోజప్ప తిట్టడు.
నా ఒళ్ళోంచి పాప్‌కార్న్ డబ్బా తీసి
తనవైపు పెట్టుకుంటాడు.

తిరుగుదారిలో ఏలూరు కాలవ వెంట
బండిని సైకిలంత నెమ్మదిగా పోనిస్తూ
మిగతా కథ చెబుతాడు.
ఆయన చెప్పే సెకండాఫుల్లో విలన్ చావడు,
ఆటోనగర్లో చిన్న వెల్డింగు షాపు పెట్టుకుంటాడు.
హీరోయిన్ తండ్రి పెళ్ళికి ఒప్పుకోడు గానీ
వంటకి రెండు బస్తాల వంకాయలు పంపిస్తాడు.
ఆర్నెల్లకి అదే బొమ్మ టీవీలో వస్తే
విలన్ హెలికాప్టర్లోంచి పడి చచ్చిపోతాడు!
ఇదేవిటయ్యా అంటే
"టీవీవాళ్ళు అసలైంది కోసేస్తారే" అంటాడు
క్యారమ్ బల్ల మీద పౌడరు చల్లుతూ.

ఈమధ్య మా షికార్లు ఎక్కువయ్యాయి.
చిట్టీ పాడిన డబ్బుతో గీజరు కొనాల్సింది,
కొనలేదు.
పున్నమి ఘాట్ నుంచి పడవెక్కి భవానీ ద్వీపానికి రెండుసార్లు.
కొండపల్లి కోట సగం దాకా
(మిగతా సగం ఆయన మోకాలు వద్దంది).
బీసెంటు రోడ్డులో ఒక సాయంత్రమంతా తిరిగి
ఒక్క దువ్వెన.

మొన్న మాత్రం వెనక సీట్లో పిల్లాడెవడో
నా వీపుకేసి తన్నాడు. మెలకువ వచ్చింది.
హాలంతా పగలబడి నవ్వుతోంది.
మా ఆయన ఇటు చూశాడు, అటు చూశాడు,
అప్పుడు నవ్వాడు.
మళ్ళీ జోకు. మళ్ళీ అంతే,
అందరూ నవ్వాక, ఒక క్షణం ఆగి.
తెర మీద మనుషుల పెదాలకేసి
పరీక్షలో పక్కవాడి పేపరు చూసే పిల్లాడిలా
మెడ ముందుకు చాచి చూస్తున్నాడు.
పాప్‌కార్న్ ముట్టుకోలేదు.

ఇరవయ్యేడేళ్ళు లేతు మిషను పక్కన నిలబడ్డ చెవులు.
నాకెందుకు తట్టలేదో!
కుక్కరు ఎన్ని విజిళ్ళేసినా కదలకపోతే
బద్ధకం అనుకున్నాను.
పిలిస్తే పలక్కపోతే
పొగరు అని కూడా అన్నాను ఓసారి,
మా తోడికోడలు ముందు.

కళ్ళు మూసుకున్నాను.
నిద్ర రాలేదు, నటించాను.
తెర మీద పిల్ల ఏడుస్తోంది,
పొలం కాయితాల మీద అన్న దొంగ సంతకం చేశాడట.
తిరిగొస్తుంటే కాలవ మలుపులో చెప్పాడు:
"ఆ పిల్ల ఎందుకేడ్చిందో తెలుసా?
హోటల్లో చేపల పులుసు తిన్నది.
అచ్చం వాళ్ళమ్మ చేసినట్టుందంట."
నేను ఆయన వీపుకి చెంప ఆనించి
"తర్వాత?" అన్నాను,
కొంచెం గట్టిగానే.

ఆదివారం బ్యారేజీ గేట్లెత్తారంటే వెళ్ళాం.
ఊరు ఊరంతా అక్కడే, కాల్చిన పొత్తులు, తడిసిన చొక్కాలు.
కృష్ణమ్మ అడుగునుంచి లేచి అరుస్తోంది.
నేనేదో అన్నాను, ఆయనకి వినపడలేదు.
ఆయనేదో అన్నాడు, నాకూ వినపడలేదు.
పక్కన పోలీసాయన విజిలూదుతున్నాడు,
బుగ్గలు ఉబ్బడం మాత్రమే కనిపిస్తోంది.
ఆ గంటసేపూ అందరి చెవులూ ఒకటే.
ఆయన మొహం అంత తీరిగ్గా ఉండగా
చూసి చాలా కాలమైంది.

గవర్నర్‌పేటలో చెవుల డాక్టరు బోర్డు చూసి పెట్టాను.
చిన్న మిషను పెడితే అన్నీ వినిపిస్తాయంట,
కుక్కరు, కాకులు, నా సణుగుడు,
సినిమాలో వాళ్ళు నిజంగా ఏమనుకుంటారో అదీ.
చిట్టీ డబ్బు ఇంకా కొంచెం మిగిలుంది.
వెళ్తాం. వెళ్ళకపోతే పాపం నాదే.

కానీ శనివారం సెకండ్ షోకి
రెండు టికెట్లు తెచ్చి దేవుడి పటం వెనక దోపాడు.
అదొక్కటీ అయిపోనీ.
ఇంటర్వెల్లో సమోసా తింటాను,
లైట్లారిపోయాక
నాకు నిద్రొస్తుంది.