మన్నిక

పద్దుపుస్తకం మొదటి పేజీ:
కొడవళ్ళు నాలుగు. గమ్‌బూట్లు రెండు జతలు.
ట్రాలీ ఆటో బాడుగ మూడొందలు.
దురదకి కొబ్బరినూనె.

కాప్రా చెరువు మీద
ఊదాపూలు పెట్టుకుని పరుచుకున్న గుర్రపుడెక్కతో
ట్రేలు, బుట్టలు, దీపాల గొడుగులు అల్లిస్తానంటే
బ్యాంకు మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
"పూచీకత్తు ఏం పెడతావమ్మా?"
చెరువు, అనబోయి ఊరుకున్నాను.
గాజులు పెట్టాను.

బాలమణక్క నడుంలోతు నీళ్ళలో దిగి
కాడలు కోసి ఒడ్డుకి విసిరేది.
పదికిలోల పచ్చికి ఒక కిలో ఎండుకాడ రాదు,
మిగతాదంతా నీళ్ళే.
లాభం లెక్కా అంతేనని
ఏడాది తిరక్కుండానే తెలిసింది.

నవారు మంచాలు అల్లిన వేళ్ళు తస్లీమ్ ఆపావి.
మొదటి వానాకాలం, తొందరపడి అల్లించిన సరుకంతా
నల్లమచ్చలతో బూజెక్కితే
ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి
"ఘాస్ కూ బీ గుస్సా ఆతా బేటీ" అంది.
ఆ రోజు నుంచి ఎండ ఎంతసేపు అడిగితే
అంతసేపు ఇచ్చాం.

శిల్పారామం స్టాల్లో ఒకావిడ
బుట్టని అటూ ఇటూ వంచి అడిగింది:
"మన్నుతుందా?"
ఆరేళ్ళు మన్నుతుందండీ,
తర్వాత మన్నవుతుంది.
ఆవిడ నవ్వలేదు. ప్లాస్టిక్ బుట్ట ధర చెప్పి
ముందు స్టాలుకి వెళ్ళిపోయింది.
ఆ మాట మాత్రం నాకు మిగిలింది.
మీటింగుల్లో సస్టైనబుల్ అన్నప్పుడల్లా
నాలుక కింద దీన్నే నానబెట్టుకుంటాను.

కోకాపేటలో ముప్పైనాలుగో అంతస్తు.
రెండొందల దీపగొడుగులు కావాలన్నాడు ఇంటీరియర్ డిజైనర్,
అన్నీ ఒకే రంగు, పాలమీగడ రంగు.
కార్తీకంలో కోసిన కాడ బెల్లంరంగు,
మాఘంలో కోసింది తేనెరంగు,
ఒకే రంగు చెరువుకి చేతకాదు సార్, అన్నాను.
"బ్లీచ్ చెయ్యండి."

చేశాను.
దాచను. శనివారం పదకొండుమందికి కూలివ్వాలి.
రాత్రి షెడ్డులో ఒక్కదాన్నే, మూతికి చున్నీ కట్టుకుని
పాతిక కాడకట్టలు ముంచి తీశాను.
మీగడలాగే వచ్చాయి.
కానీ ఆ తొట్టిలో నీళ్ళు
ఎక్కడ పారబోయాలో తోచలేదు.
కాలువ చెరువులోకి పోతుంది,
చెరువులో బాలమణక్క నిలబడుతుంది.
తెల్లారేదాకా తొట్టి పక్కన కూచున్నాను.
పొద్దున డిజైనర్‌కి ఫోన్ చేసి అడ్వాన్సు తిప్పి పంపాను.
ఆ నెల షెడ్డు అద్దె ఎగ్గొట్టాను.
తొట్టి మీద రేకు మూసి ఉంది, ఇప్పటికీ.

పేజీలన్నిట్లోనూ రాయనిది ఇంకొకటుంది.
చెరువులోకి మురుగొచ్చినన్నాళ్ళే ఈ మొక్క.
ఎంత కుళ్ళితే అంత పచ్చన,
ఎంత పచ్చనైతే అంత పని మాకు.
పర్యావరణ హితం అని అట్టముక్క మీద అచ్చేయించి
ప్రతి బుట్టకీ దారంతో కట్టిన చేయి నాది.
ఆ చేయే, మురుగు ఆగకపోతే బావుణ్ణని
ఒకటి రెండు సార్లు మొక్కబోయింది.

మొన్న పెద్ద యంత్రం వచ్చింది,
పళ్ళదువ్వెనలాంటి చక్రాలతో.
నాలుగు రోజుల్లో చెరువంతా ఊడ్చింది.
పైన కట్టిన మురుగు కాలువ కూడా
ఈసారి నిజంగానే మళ్ళించారట.
గోదాములో మూడు నెలల కాడ ఉంది.
తస్లీమ్ ఆపా అల్లుతూనే అడిగింది, "అబ్ క్యా?"
నా దగ్గర జవాబు లేదు, చాయ్ పోశాను.

సాయంత్రం బాలమణక్కతో గట్టు మీదికి పోయాను.
అలవాటుగా చీర ఎగ్గట్టి దిగింది.
దిగి, వంగి, చాలాసేపు కిందికే చూసింది.
"అయ్యో, నా కాళ్ళు అగుపడుతున్నయే!"
ఐదేళ్ళుగా ఆ నీళ్ళలో
తన కాళ్ళు తనకు కనబడలేదట.

తర్వాత మామూలు గొంతుతో అంది:
"ఒడ్డుకు తుంగ మొలుస్తది సూడు ఇగ.
మా అవ్వ సాపలల్లేది.
కొడవలి సాన వెట్టియ్యాలె."

పద్దు: సాన, నలభై రూపాయలు.