ఆశించిన ఫలితం

తరమణి. రాత్రి తొమ్మిదిన్నర.
వేళచ్చేరి వైపు పోయే రైలొకటి
కిటికీ అద్దాన్ని కాస్త వణికించి పోయింది.

నేను రాసింది పదకొండు వరుసలు.
అందులో ఉన్నది ఒకటే ప్రశ్న:
ఇంతకన్నా పెద్దది లేదన్న అంకెకి
ఒకటి కలిపితే ఏమవుతుంది?

ఒక కంపైలరు గిర్రున తిరిగి
పాతాళంలో తేలింది,
మైనస్ రెండువందల పద్నాలుగు కోట్ల చిల్లర దగ్గర.
రెండోది
ఆ ప్రశ్న ఉన్న వరుసనే తుడిచేసింది,
జరగనిదానికి అడగడమెందుకన్నట్టు.

లోపం, అని రాశాను.
లోపం కాదు, అని మూసేశాడు ఇళమారన్.
"ప్రమాణం చదివావా?"

చదివాను. ఏడు వందల పేజీలు.
అన్నిచోట్లా గొంతు గట్టిదే,
ఈ ఒక్క చోట నోరు విప్పదు.
తెలుగులో ప్రమాణమంటే ఒట్టు కూడానబ్బా,
అని వాడికి చెప్పాలనిపించింది.
ఒట్టు పెట్టినవాళ్ళే
నెత్తిమీంచి చెయ్యి తీసేసిన చోట
ఎవరి మాట నిలబెట్టను నేను?

రాజంపేట బడిలో నాగసుబ్బయ్య సారు
సంధులు చెప్పేటప్పుడు బల్లమీద బెత్తంతో తాళం వేసేవాడు.
ఉకారానికి నిత్యం.
ఇకారానికి వైకల్పికం.
అకారం దగ్గర బెత్తం ఆగేది. బహుళం.
అంటే ఏంది సార్?
"అవుతుంది. కాదు. అయినా కాకున్నా సరే.
ఇంకోలా కూడా అవుతుంది. రాసుకో."
మార్కులు అప్పుడే పడ్డాయి.
అర్థం ఇరవై ఏళ్ళకి, ఇక్కడ.

కింద గోవిందమ్మ టీకొట్టు.
మూడు తరాల కిందట ఇటొచ్చిన తెలుగు ఆమెది,
ఏ పుస్తకమూ ఒప్పుకోని తెలుగు.
"ఏమిమ్మా, ఇంకా పోకుండా ఉండావు?"
బాకీల అట్టమీద గీతలు అంచుదాకా వచ్చాయి.
అట్ట నిండితే ఏం చేస్తావక్కా, అన్నాను.
"అందాకా రానిస్తానా నేను?"

అచ్చం రెండో కంపైలరు.
గీతల్లో నావే ఎక్కువని తేలింది.
నూట ఇరవై కట్టి పైకొచ్చాను.

ఫారంలో ఒక గడి మిగిలింది: ఆశించిన ఫలితం.
ఖాళీగా వదిలితే తీసుకోదు.
సున్నా పెడితే అబద్ధం.
బహుళం, అని తెలుగులో కొట్టాను.
తెరమీద అక్షరాలు రాలేదు,
మూడక్షరాలకి అయిదు డబ్బాలు వచ్చాయి.
అయిదే ఎందుకో నాకు తెలుసు,
అది వేరే ప్రమాణం.

ఇళమారన్ పొద్దున చూస్తాడు.
చూడనీ.