ఈ జరిగిన చోటు

ఆటోనగర్ మూడో రోడ్డులో
లారీల వెనక హారన్ కొట్టమని రాసీ రాసీ
నిచ్చెన మెట్ల మీదే నాకు యాభై నిండాయి.
సుభానీ షెడ్డు బోర్డు నా చేతి పనే.
పసుపు మీద ఎర్ర ఎనామిల్, నీడకి నలుపు.
పద్నాలుగు ఎండాకాలాలు తిన్నా పెచ్చు లేవలేదు.

నిన్న మధ్యాహ్నం సుభానీ కూతురు తస్లీమా
అన్నం క్యారేజీ టైర్ల మీద పెట్టి, తలెత్తి చూసి
"ఏసోబు మావా, తప్పు రాశావ్" అంది.
"ఏది?"
"ఈ."
"అదేనే, ఏది?"
"ఈ, మావా! ఇంగ్లీషు ఈ. చివర ఉండాలి, నడుమ పెట్టావ్."

గ్రీజు నేల మీద సుద్దముక్కతో రాసి చూపించింది.
అవే ఐదు అక్షరాలు.
ఈ నడుమ దూరితే విరగడం,
వెనక్కి తగ్గి కూచుంటే ఆగడం.
తెలుగులో రాస్తే రెండూ బ్రేకే.
నోటితో అన్నా అంతే.

"మరి బ్రేకిన్‌స్పెక్టరు సంగతేంటే?
ఆపేవాడా, విరగ్గొట్టేవాడా?"
డ్రమ్ములోంచి తల తీయకుండానే అడిగాడు సుభానీ.
పక్క షెడ్డు కుర్రాళ్లు కూడా నవ్వారు.
"నా చేతిలో పడ్డ బండి ఆగని రోజుందా, చెప్పు!"
లేదు. నిజమే.

నాకే ఎందుకో అన్నం సయించలేదు.

మా తమ్ముడు ఇమ్మానియేలూ నేనూ
ఒకే నిచ్చెన, ఒకే రంగు డబ్బా.
కానూరులో ఓ గోడ పని, కూలి లెక్కలో వంద తేడా.
"నాన్న పోయిన రోజు కూడా నువ్వు లెక్కలే చూశావ్"
అన్నాను.
మాట సగంలో ఉండగానే తెలిసింది, తొక్కాలని.
కాలు అందలేదు.
వాడిప్పుడు గొల్లపూడిలో ఫ్లెక్సీలు కడతాడట.

సాయంత్రం నిచ్చెన వేశాను.
మూడక్షరాల మీద పసుపు, రెండు పూతలు.
ఏ, కే తలా ఒక అడుగు ముందుకొచ్చాయి.
ఈ చివరికెళ్లింది.
సుభానీ డబ్బులివ్వబోతే వద్దన్నాను, తప్పు నాది గదా.
తస్లీమా కింద నిలబడి పైకి చదివింది.
అదే శబ్దం.

ఇవాళ పొద్దున ఏటవాలు ఎండలో చూస్తే
కొత్త ఏ కింద నుంచి పాత ఈ
ఉబ్బెత్తుగా, చోటు తనదేనన్నట్టు.
మూడో పూత వెయ్యాలా
గొల్లపూడి బస్సెక్కాలా
నిచ్చెన పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఓ కర్నూలు లారీ రివర్సులో వస్తోంది.
సుభానీ అరచేత్తో డోరు మీద కొడుతున్నాడు:
రానీ... రానీ... రానీ...
చాలు.