పన్నెండు ఫేజులు

డే అండ్ నైట్ జంక్షన్‌లో మేడ మీద కొట్టు.
మెట్లెక్కినంత సేపూ కూర్మారావు
చెయ్యి జేబులోంచి తియ్యలేదు.
టీలు మానుకుని, చెప్పులు కుట్టించుకుని
పద్నాలుగు నెలలు మిగిల్చిన డబ్బు.
అంతా నేనిచ్చిన జీతమే.
పాత బ్రిడ్జి దగ్గర నా షాపులో
మోటార్లు చుట్టడం నేర్చుకుంటున్న గుంటడు.
"నాకేటి తెలుసురా కంపూటర్ల సంగతి?" అంటే
"ఫేజులు తెలుసు కదా మేస్త్రీ, రా" అన్నాడు.

కొట్టు ధనుంజయ రెండు మదర్‌బోర్డులు పెట్టాడు.
ఒకటి, పెళ్లి పందిరికి కట్టిన సీరియల్ సెట్టు.
అంచుల్లో రంగులు పాకుతున్నాయి,
రెక్కలు, డాలు, డాలు మీద గద్ద.
రెండోది నల్లది. మాట తక్కువ మనిషి లాంటిది.
నెత్తిన అల్యూమినియం దిమ్మె, అంతే.

"పేరులో జెడ్ ఉండాలి మేస్త్రీ.
బి అయితే గేరుకి తాళమేసి బండి అమ్మినట్టు."
రెండింటికీ జెడ్ ఉంది.
రంగులదానికి మూడు వేలు ఎక్కువ,
గుంటడి కళ్లు దాని మీదే ఉన్నాయి.

చెరో చేత్తో తూచాను.
రాగి కొనేవాడి అలవాటు, బరువు అబద్ధమాడదు.
"ఆ డాలు కింద ఏటుందో ఇప్పి సూపించగలవా బావూ?"
ధనుంజయ నవ్వాడు.
నవ్వి, ఎందుకో స్క్రూడ్రైవర్ తీశాడు.

గద్ద కింద ఆరే చుట్లు.
రెక్కలు ఉత్త ప్లాస్టిక్కు.
నల్లదాని దిమ్మె కింద పన్నెండు,
బారు తీరి, భుజం భుజం కలిపి.
ఆరుగురు మోసే పల్లకి
పన్నెండుగురు మోస్తే
ఎవడి భుజమూ కాలదు.
అది కంప్యూటరు విద్య కాదు, మా విద్యే.

నేమ్‌ప్లేటు మీద రాసింది దాటి తిప్పడం
నాకు తెలీనిదా?
వంశధార కాలువ చిట్టచివర, ఉడుపుల ముందు,
మూడొందలు కూడా దాటని వోల్టేజీకి
సూరప్పడి ఐదు హెచ్‌పీ మోటారు
మూడు రాత్రులు ఆపకుండా తిప్పించాను.
"ఏటీ అవ్వదు, నాను సెప్తున్నాను కదా" అని.
నాలుగో తెల్లారుజామున
వార్నిష్ కాలిన వాసన రోడ్డు దాకా వచ్చింది.
మోటారు ఊరికే చుట్టిచ్చాను.
నారు చుట్టి ఇవ్వలేం కదా.

నల్లదే కొన్నాం.
మిగిలిన మూడు వేలతో పెద్ద ఫ్యాను.

ఆ రాత్రి షాపు పైగదిలో, అట్టపెట్టె మీదే బోర్డు పెట్టి
గుంటడు ఒక్కో అంకె పెంచుతున్నాడు.
నలభై ఏడు. నలభై ఎనిమిది.
యాభై దగ్గర ఆటలో వాన మొదలైంది,
ఏ చినుకుకా చినుకు లెక్కపెట్టొచ్చు.
యాభై ఒకటి. దిమ్మె మీద వేలు పెట్టి చూశాను.
అప్పుడే అందుకున్న టీ గ్లాసంత.
"సాల్లేరా."
"ఒక్కటే మేస్త్రీ, ఇంకొక్కటే."
యాభై రెండు.

తెర నల్లబడింది.
నేను ముక్కు ముందుకు పెట్టాను.
పాతికేళ్లుగా ఈ ముక్కే నా మీటరు.
వాసన లేదు.
గుంటడికి కంగారూ లేదు.
బోర్డు వెనక చిన్న బటన్ ఒకటి
నొక్కి పట్టుకున్నాడు.
"ఏటది?"
"ఇప్పటిదాకా నాను సేసిన తప్పులన్నీ
మర్సిపోతాది."

మళ్లీ వెలిగింది.
కంపెనీలోంచి వచ్చిన నాటి వేగంతో,
ఇవాళ తారీకెంతో కూడా మరిచిపోయి.
వాడు మళ్లీ నలభై ఏడు నుంచి మొదలెట్టాడు.

నేను కిందికి దిగాను.
పొద్దున్నే ఇవ్వాల్సిన మోటారు బల్ల మీద ఉంది,
స్లాట్లలో రాగి సగం నింపి.
లైటు వెయ్యకుండానే
దాని వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమాను.

బోల్టులు తగిలాయి.